ఎర్రబండి లవణవిమోచనము

సూర్యభగవానుడు ఉద్యోగధర్మముగా మాత్రమే ఉదయించి, వేడిమి నిచ్చుట తన విధులలో లేదన్నట్లు తప్పుకొను ఫిబ్రవరి మాసాంతమున, విడిచిన ఊపిరి మీసములపైననే గడ్డకట్టునట్టియు, సరస్సులపై లారీలు పరుగులిడునట్టియు ఉత్తర మిన్నెసోటా దేశమందు, మంచుకుప్పల నడుమనున్న తన యింటి ముంగిట, ద్విచక్రవాహనైకవ్రతుడును, మితభాషియు, మోకాటినొప్పికి తప్ప మరి దేనికిని తలవంచనివాడును అగు ఆర్విడ్ నిస్టున్ యుద్ధసన్నద్ధుడై నిలిచెను.

తెల్లవారగనే ప్రయాణము. గమ్యము అరిజోనా; అచ్చట బావమరిది కర్టిస్ ఎండలో కాళ్లు చాపుకొని ఎదురుచూచుచుండెను. ట్రెయిలర్ నెక్కించి తీసికొనిపోవలసినది, ఎన్నో చలికాలములు గరాజులో తుడిచి తుడిచి ఆర్విడ్ అద్దముగా మార్చిన ఎర్రని పాత మోటారుసైకిల్. దానికి పగవాడు లవణదైత్యుడు. మంచు కరుగుటకై దారుల వెంట చల్లిన ఉప్పే ఆ దైత్యుని దేహము. ముందుపోవు లారీల చక్రముల నుండి తెల్లని తుంపరయై లేచి, ఇనుమును మేయుచు, క్రోమును కొరుకుచు, దక్షిణమున అయోవా రాష్ట్రము దాటువరకు వాడు వెంటాడును.

నిరుడు ఆర్విడ్ బండిపై టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించెను. ఆ టార్పాలిన్ దారిపొడుగునా గాలికి కొట్టుకొని, పెట్రోలు ట్యాంకును గీకి గీకి, రంగును ఊడ్చివేసెను. కంచే చేను మేసెను. అది చూచి కర్టిస్, "ఏం బావా, బండిని ట్రెయిలర్ మీద తెచ్చావా, తాడు కట్టి ఈడ్చుకొచ్చావా?" అనెను. రంగు మరల వేయించవచ్చును, వేయించెను. కాని బావమరిది మాట ఏడాదిగా ఆర్విడ్ చెవిలో గింగురుమనుచునే యుండెను. ఈసారియు బండిపై ఒక్క గీత పడినను, ఒక్క తుప్పుచుక్క పొడమినను, అతడు అరిజోనాలో తలయెత్తుకొని తిరుగలేడు.

కావున టాపులేని ఆ ట్రెయిలర్‌పై బండిని నాలుగు పట్టీలతో నలుదెసల బిగించి, క్రోమంతటికి నూనె పట్టించి, అర్ధాంగి మార్లిస్ వంటింటి నుండి అపహరించిన ప్లాస్టిక్ పొరను కవచముగా చుట్టుచుండెను.

మార్లిస్ తలుపు తీసి అడిగెను. "హాట్‌డిష్ వంటకం మీద కప్పడానికి పొర కనబడదేం?"

"బండికి కావాల్సొచ్చింది."

"ఒక్క లారీ పక్కనుంచి పోతే చాలు, ఊడి ఊరేగుతుంది. పక్కింటి డెల్బర్ట్‌కి పెట్టె ట్రెయిలర్ ఉందిగా, నాలుగు వైపులా గోడలతో. అడగరాదూ?"

"అడగడమా?" అని ఆర్విడ్ వెలవెలబోయెను.

ఏలయన, ఆ దేశమున అడుగుట యనునది లేదు. ఎదుటివాడే ఇచ్చెదననవలెను. తొలిసారి వద్దనవలెను, రెండవసారియు వద్దనవలెను, మూడవసారికి గాని ఒప్పుకొనరాదు. మొదటి మాటకే చేయి చాచువాడు ఆశపోతు. నోరు తెరచి అడుగువానిని గూర్చి అచ్చట ఎవ్వరును మాటలాడరు, అంత ఘోరము.

అంతలో, పెట్టెట్రెయిలరాధీశ్వరుడైన ఆ డెల్బర్టే, పొరుగింటి నుండి మంచు తొక్కుకొనుచు వచ్చెను. ఇరువురును ఒకరినొకరు చూడక బండినే చూచుచు నిలిచిరి.

"రేపేనా?"

"రేపే."

"ఉప్పు దట్టంగా చల్లారు."

"కాస్త చల్లారు."

"నా పెట్టె ట్రెయిలర్ ఖాళీగానే ఉంది."

ఆర్విడ్ హృదయము ఉప్పొంగెను. 'ఓ వితరణశిరోమణీ! నీ పెట్టె నా పాలిటి అభేద్యదుర్గము! దాని చతుష్కుడ్యమధ్యమున నా రక్తవర్ణతురంగము నిద్రించునుగాక! నీ యిల్లు చల్లగా నుండునుగాక, అనగా వెచ్చగా!' అని లోలోన ఎలుగెత్తి, పైకి మాత్రము, "అబ్బే, నీకెందుకు శ్రమ" అనెను.

"శ్రమేముంది, ఊరికే పడుంది."

"వద్దులే, ఇది చాలు."

రెండవ తిరస్కారము శాస్త్రోక్తముగా ముగిసెను. ఆర్విడ్ ఊపిరి బిగబట్టి మూడవ మాటకై చెవి యొగ్గెను. డెల్బర్ట్ ఆకాశము చూచెను, బూటుతో మంచును గీరెను, "సరే మరి" అని వెడలిపోయెను.

"ఏమైంది?" అనెను మార్లిస్.

"రెండుసార్లే అన్నాడు."

"ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర కూడా అన్నాడుగా. వద్దన్నావు. వాడి లెక్కలో మూడూ అయిపోయాయి. పాపం, మనసు కష్టపెట్టుకుని ఉంటాడు."

ఆర్విడ్ ట్రెయిలర్ అంచున కూలబడెను. నాలుగవసారి పిలుచువాడు ఆ దేశమున పుట్టలేదు. బండి పోయినది, పరువు పోయినది, పైగా ముప్పదేండ్ల స్నేహితుడు నొచ్చుకొనెను. నిజముగా అతనికి ఏడుపు వచ్చెను. కాని కన్నీరు రెప్పలపైననే గడ్డకట్టునని మానుకొనెను.

సంధ్యకు ముందే అతడు లేచి డెల్బర్ట్ వాకిట నిలిచెను. చలి గురించియు, చేపల గురించియు, చలిలో చేపల గురించియు మాటలాడి, పిదప అస్త్రము నెక్కుపెట్టెను.

"నీ ట్రెయిలర్ టైర్లు చూశా. కదలకుండా ఉంటే చలికి అడుగు చదునైపోతాయి."

"అవుతాయి, కాస్త."

"నేనెలాగూ అరిజోనా పోతున్నా. కావాలంటే తిప్పుకొస్తా."

డెల్బర్ట్ ముఖమున ఒక వెలుగు మెరసెను. "అబ్బే, నీకెందుకు శ్రమ."

"శ్రమేముంది, దారే కదా."

"వద్దులే, పడుండనీ."

ఆర్విడ్ మూడవ మాటయు పలికెను. "నిజంగా నాకేం ఇబ్బంది లేదు డెల్బర్ట్."

డెల్బర్ట్ ట్రెయిలర్ టైరును బూటుతో ఒకసారి తట్టి చూచెను.

"సరే," అనెను డెల్బర్ట్, "నీకంత ఇబ్బంది లేదంటే."

దేవదుందుభులు మ్రోగలేదు, ఆ చలికి తోలు బిగుసుకొనిపోయి యుండును. మిత్రులిద్దరును కలిసి బండిని పెట్టెలోనికి తోసి, పట్టీలు బిగించి, తలుపు మూసిరి. పిమ్మట లవణదైత్యుడు అయోవా పర్యంతము ఆ రేకుగోడలను నాకి నాకి, నాలుక మొద్దుబారి వెనుదిరిగెను.

అరిజోనాలో తలుపు తెరవగనే ఎర్రబండి ఎండలో ధగధగలాడెను. కర్టిస్ దానిచుట్టు తిరిగెను. ట్యాంకు నిమిరెను. మోకాళ్లపై కూర్చుండి అడుగున తొంగిచూచెను, వ్రేలితో తడిమి వ్రేలు చూచుకొనెను. నోరు తెరచెను. మూసెను.

"ఎండ బాగా కాస్తోంది బావా," అని లోనికి నడచెను.

భూజనులారా, ఆలకింపుడు! ఆ మధ్యాహ్నమున ఒక బావమరిది ఒక బావను ఏమియు అనలేకపోయెను.