ఆశుహాస్యానికి మూడు ప్రతులు

ఉద్యోగి ఆఫీసులో ఏం చేస్తున్నాడన్నది ప్రభుత్వానికి ఏనాడూ పెద్ద సమస్య కాలేదు. ఆఫీసు వదిలాక ఏం చేస్తున్నాడన్నదే అసలు సమస్య అని గుర్తించిన మొట్టమొదటి శాఖగా ఉప్పుమళ్ల కొలతల శాఖ పేరు చరిత్రలో నిలిచిపోతుంది. (ఆ శాఖ ఉప్పుమళ్లను చివరిసారి ఎప్పుడు కొలిచిందన్నది వేరే విషయం. దానికి సంబంధించిన ఫైలు ఉప్పుగాలికి చిల్లులు పడి ఉంది.)

ఆ శాఖవారి నౌపడ ఆఫీసులో కుసుమకుమారి సీనియర్ అసిస్టెంటు. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఇన్నేళ్లలో ఆమె కాగితం మీద పెట్టిన వాక్యాల్లో అంతకుముందు ఎవరూ రాయని వాక్యం ఒక్కటీ లేదు. 'తమకు తెలియజేయునది ఏమనగా' దగ్గర మొదలై 'తగు చర్య నిమిత్తం' దగ్గర ఆగే దారిలో ఆమె రోజూ నడిచేది. కళ్లు మూసుకుని కూడా నడవగలదు. మధ్యాహ్నం భోజనం అయ్యాక అలాగే నడిచేది.

ఆదివారం మాత్రం కోటబొమ్మాళి వెళ్లేది. అక్కడ ఒక కల్యాణమండపం మేడ మీద, భోజనాల హాల్లో, 'ఏటంటే అదే' అనే బృందం నాటకాలాడేది. బృందమంటే ముగ్గురు. కుసుమకుమారి, భావనపాడు రేవులో చేపల వేలం పాడే సోములు, జాకెట్లు కుట్టే తులసి. రాసుకున్నదంటూ ఏమీ ఉండదు. చూడవచ్చిన వాళ్లలో ఎవరో ఒక మాట విసురుతారు, 'వియ్యపురాలు' అనో, 'రైల్వే గేటు పడిపోయింది' అనో. ఆ మాట పట్టుకుని ముగ్గురూ అప్పటికప్పుడు కథ కల్పించి ఆడతారు. ఆ ఆటకు నియమం ఒకటే. ఎదుటివాడు ఏమన్నా కాదనకూడదు. ఔనని, దానికి ఇంకో మాట కలపాలి. తన నోట్లోంచి ఏ మాట రాబోతోందో తనకే తెలియని ఆ గంటన్నర కోసం కుసుమకుమారి మిగతా వారమంతా ఓపిక పట్టేది.

ఇలా ఉండగా 'తీరిక మిత్ర' యాప్ వచ్చింది. ప్రతి ఉద్యోగీ నెలాఖరులోగా తన అభిరుచిని అందులో నమోదు చేసుకోవాలి. అభిరుచి లేనివారు లేదని ధ్రువపత్రం తేవాలి. (ధ్రువపత్రం ఇచ్చే అధికారికి మాత్రం అభిరుచి ఉండాలి.) యాప్ లో నాలుగు గడులు ఉన్నాయి. యోగా, మొక్కల పెంపకం, నాణేల సేకరణ, ఇతరములు. పక్క సీటు జగన్నాధం యోగా అని నొక్కి, కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్న ఫొటో ఎక్కించాడు. అది శవాసనంగా ఆమోదం పొందింది. ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

"ఇతరములు నొక్కకమ్మా," అని అతను కుసుమకుమారికి చెప్పాడు. "అది నొక్కినోళ్లెవలూ బాగుపడనేదు."

ఫారంలో అబద్ధం రాయడం అలవాటు లేని మనిషి కాబట్టి ఆమె ఇతరములే నొక్కింది. 'అప్పటికప్పుడు కల్పించి ఆడే హాస్య నాటకం' అని నింపింది. యాప్ చాలాసేపు తిరిగి, ఆగి, విచారణకు పంపడమైనది అంది.

పై వారం శ్రీకాకుళం నుంచి తీరిక వేళల పర్యవేక్షణాధికారి నరసింగరావు వచ్చారు. చెడ్డ మనిషి కాదు. నవ్వడం రాని మనిషీ కాదు. ఎప్పుడు నవ్వాలో ఆయనకు ఉత్తర్వులు అందలేదు, అంతే. ప్రదర్శనకు వారం ముందుగా స్క్రిప్టు మూడు ప్రతుల్లో సమర్పించాలని ఆయన చెప్పారు. స్క్రిప్టు ఉండదని, ఉంటే అది ఈ ఆట కాదని ఆమె విన్నవించుకుంది. ఆయన నిజాయితీగానే ఆలోచించారు.

"స్క్రిప్టు లేదంటే సరేనమ్మా. మరి అందులో లేని మాట మీరు అనలేదని నేనెలా ధ్రువీకరించాలి?"

అనుమతి లేకుండా ఆడితే అది అనధికార తీరిక కిందికి వస్తుందని, అటువంటివారు ఇకపై ఆదివారాలు కూడా ఆఫీసుకు వచ్చి కూర్చోవాల్సి ఉంటుందని ఆయన నొచ్చుకుంటూనే తెలియజేశారు.

ఆదివారాలు పోతే తనకు మిగిలేది 'తగు చర్య నిమిత్తం' ఒక్కటే. అందుకని కుసుమకుమారి స్క్రిప్టు రాసింది. 'సోములు ఏదో అనును. నేను ఏదో అందును. జనం నవ్వుదురు (అంచనా).' మూడు రోజుల్లో తిరిగి వచ్చింది. 'ఏదో' అనే పదానికి నిర్వచనం జతపరచవలెను, నవ్వుల సంఖ్య పేజీల వారీగా చూపవలెను అని అంచున రాసి ఉంది. అవీ చూపింది. జనం విసిరే మాటలు గురువారం సాయంత్రంలోగా దరఖాస్తు రూపంలో, గుర్తింపు కార్డు నకలుతో శాఖ కమిటీకి అందాలన్నారు. కోటబొమ్మాళి నుంచి నలభై రెండు మాటలు వెళ్లాయి. కమిటీవారు మూడింటిని ఆమోదించారు. పరిశుభ్రత, వరి, ధన్యవాదములు. ('వియ్యపురాలు' కొన్ని వర్గాల మనోభావాల దృష్ట్యా నిలుపుదల అయింది.)

ఆదివారం నరసింగరావు ముందు వరుసలో, ఒళ్లో స్క్రిప్టుతో కూర్చున్నారు. కుసుమకుమారి చీపురు పట్టుకోగా 'పరిశుభ్రత' మొదలైంది. రేవులో ఒక్క ఊపిరిలో నాలుగు గంపల కవళ్ల చేపలు అమ్మేసే సోములు, కాగితం చూసి ఒకటో తరగతి పిల్లాడిలా కూడబలుక్కున్నాడు. పావుగంట గడిచినా ఎవరూ నవ్వలేదు. వెనక వరుసల వాళ్లు రైలుకు టైమవుతోందని లేచారు. వెళ్లిపోతున్న వీపులను కుసుమకుమారి వేదిక మీంచి లెక్కపెట్టింది.

అప్పుడు సోములు తట్టుకోలేకపోయాడు. కాగితం మడిచి కుసుమకుమారి చేతిలో పెట్టి, "అక్కా, ఈ సీపురు నాకంటే బాగా సదువుతాది, దానికియ్యి," అన్నాడు.

నరసింగరావు లేచి నిలబడ్డారు. "ఆగండి. ఈ మాట రెండో పేజీలో లేదు."

హాల్లో ఆ సాయంత్రపు మొదటి నవ్వు పుట్టింది. జనం ఆయన్ను నాలుగో నటుడనుకున్నారు. ఆయన వాళ్ల వైపు తిరిగి, ఇక్కడ నవ్వు లేదని, నవ్వు మూడో పేజీలో ఉందని వివరించారు. నవ్వు రెట్టింపయింది.

ముందు వరుసలో ఎండుచేపలమ్ముకునే అసిరమ్మ కూర్చుని ఉంది. "బాబూ, మరి నాకిప్పుడే వస్తన్నాది. ఏటి సెయ్యమంటావు?" అని అడిగింది.

బాధ్యత తెలిసిన అధికారి కనుక, ప్రజల సందేహం తీర్చడానికి ఆయన వేదిక ఎక్కారు. కుసుమకుమారికి ఒక్క క్షణం ఆదివారాల హాజరుపట్టీ కళ్ల ముందు కదిలింది. ఆయన్ను ఆపేసి క్షమాపణ చెప్పుకోవచ్చు. కానీ వేదిక ఎక్కినవాడు ఎవరైనా తోటి ఆటగాడే. కాదనకూడదు.

"ఔను సార్," అంది. "నవ్వొచ్చినోళ్లు ముందు టోకెను తీసుకోవాల."

ఆయన ఆలోచించారు. "మంచి సూచన," అని పెన్ను తీసి రాసుకున్నారు.

టోకెను అందేలోగా నవ్వు ఆగిపోతే, ఆగిపోయినట్టు గెజిటెడ్ అధికారి సంతకం కావాలన్నాడు సోములు. ఔనని అదీ రాసుకున్నారు. ఒకరి నవ్వు పక్కవాళ్లకు అంటుకుంటే బదిలీ ఫారం నింపాలంది తులసి. దానికి నరసింగరావు, కన్నీళ్లొచ్చేలా నవ్వినవారు రెండు ఫారాలు నింపాలని తనంతట తానే కలిపారు. ఆట నియమం ఆయనకెవరూ నేర్పలేదు. అలా నలభై నిమిషాలు నడిచింది. రైలుకని మెట్లు దిగినవాళ్లు మళ్లీ ఎక్కివచ్చారు. అసిరమ్మ పొట్ట పట్టుకుని ముందున్న బల్ల మీదికి వాలిపోయింది. చివర్లో హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నరసింగరావుకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అవి ఎవరికోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నారు.

"ఇవి మనకేనా అమ్మా?" అని మెల్లగా అడిగారు.

"మీకే సార్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. కుసుమకుమారి ఆ రోజు నౌపడ దాకా రైల్లో తలుపు దగ్గరే నిలబడి, తనలో తాను నవ్వుకుంటూ వెళ్లింది. ఆదివారాలు దక్కాయనుకుంది. నిజమే, అభిరుచికి ఆమోదం వచ్చింది.

దానితోపాటు పన్నెండో రోజున ప్రధాన కార్యాలయం నుంచి సర్క్యులర్ కూడా వచ్చింది. నవ్వుల క్రమబద్ధీకరణ మార్గదర్శకాలు, తక్షణం అమల్లోకి. క్షేత్రస్థాయి సిబ్బంది అందించిన అమూల్య సూచనల ఆధారంగా రూపొందించడమైనది. మొదటి వాక్యం కుసుమకుమారిది. రెండోది సోములుది. మూడోది తులసిది. కోటబొమ్మాళిలో రెండొందల మందిని కుర్చీల్లో నిలవనివ్వని మాటలు, అక్షరం పొల్లుపోకుండా అచ్చయి ఉన్నాయి.

అటెండరు ఆ కాగితాన్ని బల్ల బల్లకూ తిప్పాడు. ఎవరైనా నవ్వుతారేమోనని కుసుమకుమారి తలెత్తి చూసింది. జగన్నాధం పూర్తిగా చదివి, టోకెన్లు ఏ సీట్లో ఇస్తారని అడిగి, సంతకం చేశాడు. మిగతావాళ్లు అడగకుండానే చేశారు. కాగితం తన దగ్గరికి వచ్చాక ఆమె 'చదివి తెలుసుకున్నాను' అని రాసి, తేదీ వేసింది.

ఆ నెల నౌపడ ఆఫీసు వాటాకు యాభై టోకెన్లు వచ్చాయి. యాభయ్యీ వాడకుండా తిరిగి వెళ్లాయి.