పడవ కప్పు మీద ఎండ దొంగ

"నవీన్, ఈ హైదరాబాదు మొత్తానికి నేరాన్ని వాసన చూసి పట్టే ముక్కు ఒక్కటే ఉంది. దాని కింద మీసం కూడా ఉంది" అన్నాడు గౌతమ్, నా జిరాక్స్ మిషన్ మీద మోచెయ్యి ఆనించి.

మోచేతి కింద ఏ మీట నొక్కుకుందో, ఇరవై తెల్లకాగితాలు వరసగా బయటికొచ్చాయి.

"జర చెయ్యి తియ్యన్నా" అన్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల గల్లీలో నాది జిరాక్స్ షాపు. షాపు గోడకి సగం మేర 'గౌతమ్ రహస్య పరిశోధన సంస్థ' అన్న బోర్డు వేలాడుతుంటుంది. 'రహస్య' అన్న మాట మెట్రో స్టేషన్ మెట్ల మీంచి కూడా కనబడాలని ఎర్రరంగుతో రాయించాడు. ఆయనది కోనసీమ, వయసు నలభై ఒకటి. ఇన్సూరెన్స్ పాలసీలు అమ్ముతాడు, అవి అమ్ముడుపోని రోజుల్లో పరిశోధిస్తాడు. అంటే ఏడాదంతా పరిశోధనే. ఇంతవరకు ఆయన పట్టుకున్న నేరస్తులు ఇద్దరు. ఒకరు కరెంటు మీటర్ చూడడానికొచ్చిన మనిషి, రెండోవారు మా మామ.

ఆ పొద్దున శ్రీకర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడు, పక్క వీధిలో ఉండే రామమోహనరావు గారబ్బాయి.

"గౌతమ్ గారూ, నా పడవ మీద ఎండ పోతోందండీ!"

గౌతమ్ కళ్ళు మూసుకున్నాడు. "ఎండ... పోతోంది. అంటే సూర్యుణ్ణే దొంగిలిస్తున్నారన్నమాట. ఇది అంతర్జాతీయ ముఠా పని. కూర్చో."

సంగతేమిటంటే, శ్రీకర్ సొంతంగా ఒక సోలార్ పడవ తయారుచేశాడు. దాని కప్పు గుండ్రంగా వంపు తిరిగి ఉంటుంది. మామూలు అద్దం ప్యానెళ్ళు దానిమీద కూర్చోవు. అందుకని వంగే ప్యానెళ్ళు నాలుగు తెప్పించాడు. నేను లామినేషన్ చేసిచ్చే హాల్ టికెట్ల కంటే కాస్త మందం, అంతే. కింద గాలి ఆడేట్టు సన్నటి గాడుల షీటు వేసి, దానిమీద వాటిని గమ్ముతో అంటించాడు. ఎల్బీ నగర్‌లో రామచంద్రం గారింటి వెనక ఖాళీ జాగాలో, ట్రాలీ మీద ఉంది పడవ. రామచంద్రానికి నాదర్‌గుల్ దాటాక పెద్ద కుంట ఉంది, దాని గట్టు మీద రిసార్ట్ కడుతున్నాడు. "శనారం నాటికి ఎండ మీదనే బ్యాటరీ నిండాలె. నిండితే గిసొంటియి ఇంకో ఐదు చేపిస్త. లేకుంటే డీజిల్ పడవలు తెచ్చుకుంట" అని ఖరాఖండిగా చెప్పాడు.

"నిండకపోతే నాన్న నన్ను పూర్తిగా బ్యాంకు కోచింగ్‌లో కూర్చోబెడతారండీ. ఇప్పటికే రోజూ పది నుంచి రెండింటిదాకా కూర్చుంటున్నా. ఇంక పడవ మాట ఎత్తకూడదన్నారు" అన్నాడు శ్రీకర్. ఆ పిల్లాడు ఏడాదిగా చేతులకి గమ్ము అంటుకుని తిరగడం నేను చూస్తూనే ఉన్నాను. నాకు నిజంగా జాలేసింది.

"ఎండ ఎప్పుడు పోతోంది?" అన్నాడు గౌతమ్.

"రోజూ పదకొండున్నరకి. ఒంటిగంటకి మళ్ళీ వచ్చేస్తుంది. ఎంత కరెంటు వస్తోందో ఫోన్‌లో లెక్క కనబడుతుంది కదండీ. మిట్టమధ్యాహ్నం పెరగాల్సింది సగానికి సగం పడిపోతోంది. నాలుగింటినీ గొలుసులా కలిపాను, ఒకదానికి దెబ్బ తగిలితే నాలుగూ నీరసపడతాయి. కానీ దెబ్బ ఎక్కడో తెలీట్లేదు. చుట్టుపక్కల చెట్టు లేదు, పెద్ద బిల్డింగ్ లేదు. సాయంత్రం వెళ్ళి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి."

"దిష్టి కొట్టిందేమో?" అన్నాను.

గౌతమ్ నా వంక జాలిగా చూశాడు. "అసంభవం. ప్యానెళ్ళు అంటించిన రోజే వేదవతి గారు బూడిద గుమ్మడికాయకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కట్టమని నా చేతికిచ్చారు. పక్కనున్న ఇనపస్తంభం అడ్డకడ్డీకి, సరిగ్గా పడవ నడినెత్తిన, నేనే కట్టాను. అది ఉండగా దిష్టి దగ్గరికి రాదు. కాబట్టి నేరస్తుడు మనిషి!"

వేదవతి గారు శ్రీకర్ వాళ్ళమ్మ. ఆ ముడి కోనసీమ పడవ ముడి అని గౌతమ్ అప్పట్నుంచి ఊరంతా చెప్పుకుంటున్నాడు.

మొదటి రోజు పరిశోధన కోచింగ్ సెంటర్‌లో జరిగింది. "శ్రీకర్ పడవ మునిగితే లాభం ఎవరికి? ఒక విద్యార్థి శాశ్వతంగా దక్కేది ఎవరికి?" అని, మే నెల ఎండలో మోకాళ్ళదాకా కోటు తొడుక్కుని వెళ్ళాడు. గంట తర్వాత తిరిగొచ్చాడు. చేతిలో పుస్తకాల కట్ట, మెడలో ఐడీ కార్డు ఉన్నాయి.

"ఏందన్నా ఇది?"

"లోతుగా ప్రశ్నించాను నవీన్. వాళ్ళు నన్ను ఇంకా లోతుగా ప్రశ్నించారు. నాకు లెక్కల్లో పునాది బలహీనంగా ఉందట."

"బ్యాంకు పరీక్షకు నీ వయసు దాటింది గదా?"

"ఆ ఒక్కటే అడగలేదు."

రెండో రోజు ఎల్బీ నగర్‌లో పాదముద్రలు తీశాడు. ప్లాస్టర్ ఆరేదాకా ఆగి, ఎత్తి చూసి, "తొమ్మిదో నంబరు చెప్పు. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. గర్విష్ఠి" అన్నాడు. అది ఆయన చెప్పే.

శనివారం వచ్చింది. గౌతమ్, నేను పది గంటలకే పడవ లోపల దాక్కున్నాం. పైన ప్యానెళ్ళ కప్పు, పక్కలకి టార్పాలిన్. ఇడ్లీపాత్రలో కూర్చున్నట్టుంది. కోటు మాత్రం విప్పలేదు మహానుభావుడు. శ్రీకర్ క్లాసులో వెనక బెంచీలో కూర్చుని ఫోన్‌లో లెక్క చూస్తున్నాడు.

సరిగ్గా పదకొండున్నరకి నా ఫోన్ మోగింది.

"నవీనన్నా, పడిపోయింది!" గుసగుసగా అన్నాడు శ్రీకర్.

అదే క్షణంలో బయట అడుగుల చప్పుడు. గౌతమ్ టార్పాలిన్ చీల్చుకుని దూకాడు. "కదలకు! సూర్యచోరుడా, నీ ఆట కట్టు!"

ఎదురుగా రామచంద్రం గారి తల్లి కిష్టమ్మ, చేతిలో మిరపకాయల చాటతో నిలబడి ఉంది. రోజూ ఆ వేళకి, పడవ పక్కన ఆరబోసిన మిరపకాయలు తిరగెయ్యడానికొస్తుంది.

"ఏం పుట్టిందిరా నీకు? పట్టపగలు కోటేసుకొని ముసలిదాని మీదికి దుంకుతవా?" అని చాట ఎత్తింది.

"అమ్మా, ఈ మిరపకాయలు ఎండను పీల్చేస్తున్నాయి. మీ మీద అనుమానం ఉంది" అన్నాడు గౌతమ్, రెండడుగులు వెనక్కి వేస్తూ.

"నీ మెదడు పీల్చుకుపోయింది గని, పో!"

కేకలు విని రామచంద్రం వచ్చాడు. వెనకే శ్రీకర్ నాన్న రామమోహనరావు గారు కూడా. ఇద్దరూ బ్యాటరీ లెక్క చూసుకోవడానికే ఆ పూట కలిశారు. రామచంద్రం పడవలోని మీటర్ చూసి పెదవి విరిచాడు.

"సారూ, పిలగాడు మంచోడే. గని మిట్టమధ్యానం పనిచెయ్యకుంటే ఇంకెప్పుడు పనిచేస్తది? నేను డీజిల్ వాళ్ళకు ఫోన్ చేస్త."

"నేను ముందే చెప్పానండీ వాడికి. సోమవారం నుంచి పూర్తిగా కోచింగే" అన్నారు రామమోహనరావు గారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చెయ్యి మాత్రం పడవ అంచుని నిమురుతోంది. నా ఫోన్ ఇంకా ఆన్‌లోనే ఉంది. అవతల శ్రీకర్ అంతా వింటున్నాడు. నాకు గౌతమ్ మీద ఎన్నడూ రానంత కోపం వచ్చింది.

అప్పుడే పైన గుయ్యిమని చిన్న విమానం పోయింది. నాదర్‌గుల్ వైపు విమానం నడపడం నేర్చుకునేవాళ్ళు.

"అదిగో! ఆకాశమార్గం! ఇన్నాళ్ళూ నేను కింద వెతికాను!" గౌతమ్ ఎగిరి పడవ అంచు మీదికెక్కాడు. ఒక చేత్తో బైనాక్యులర్స్, కళ్ళు ఆకాశంలో. కాలికి కోటు అడ్డం పడింది. పడిపోకుండా చేతికందింది పట్టుకున్నాడు.

చేతికందింది గుమ్మడికాయ తాడు. కోనసీమ ముడి ఊడిపోయింది.

మూడు వారాలు ఎండలో మగ్గిన గుమ్మడికాయ గౌతమ్ నెత్తిన ఫెడేల్మని పగిలింది. ఆయన వెళ్ళి కిష్టమ్మ మిరపకాయల్లో పడ్డాడు.

"పెరిగింది!" ఫోన్‌లో శ్రీకర్ అరిచాడు. క్లాసులో ఉన్న సంగతే మర్చిపోయాడు. "నవీనన్నా, ఒక్కసారిగా పెరిగింది! ఏం చేశారు?"

మేమందరం పైకి చూశాం. ఖాళీ తాడు ఊగుతోంది. మే నెల సూర్యుడు సరిగ్గా దాని వెనకే ఉన్నాడు. మూడు వారాలుగా మిట్టమధ్యాహ్నం గుమ్మడికాయ నీడ ప్యానెల్ మీద పడుతోంది. ట్రాలీ మీదున్న పడవ కప్పు మా తలలకంటే ఎత్తు కనక నీడ ఎవరికీ కనబడలేదు. గుమ్మడికాయ అందరికీ కనబడింది. కానీ కట్టిన మర్నాటి నుంచి దిష్టి గుమ్మడికాయని తలెత్తి చూసేదెవరు?

రామచంద్రం మీటర్ వంక చూశాడు. సాయంత్రందాకా కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాడు. అయిదింటికి బ్యాటరీ నిండింది. "మాట ఇచ్చిన. ఐదు పడవలు చేపియ్యి" అన్నాడు, పరుగున వచ్చిన శ్రీకర్‌తో. రామమోహనరావు గారు పడవ అంచు మీదికెక్కారు. జేబులోంచి రుమాలు తీసి, ప్యానెల్ మీద పడ్డ గుమ్మడి గింజ ఒకటి జాగ్రత్తగా తుడిచారు.

ఈలోపల గౌతమ్ లేచి నిలబడ్డాడు. "నేరస్తుడు ఎత్తులో ఉన్నాడని నాకు మొదట్నుంచీ తెలుసు" అన్నాడు గంభీరంగా.

"దాన్ని గట్టింది ఎవరు సారూ?" అన్నాడు రామచంద్రం.

అందరూ తనవైపే చూస్తుండగా, గౌతమ్ భుజాల మీది గుమ్మడికాయ ముక్కలు చాలాసేపు దులుపుకుంటూ నిలబడ్డాడు.

శ్రీకర్ కోచింగ్ మానేశాడు. ఆ బెంచీ ఖాళీగా లేదు. రోజూ పదింటికల్లా గౌతమ్ వెళ్ళి అందులో కూర్చుంటున్నాడు. శత్రుశిబిరంలో గూఢచర్యం అంటాడు. నిన్న మోడల్ పేపర్ జిరాక్స్ కోసం వచ్చి, మిషన్ మీద మోచెయ్యి ఆనించబోయి, ఆగి, తలెత్తి పైకప్పు వంక జాగ్రత్తగా చూసుకున్నాడు.