వెనక్కి నడిస్తే లోపలికి

ఒక పెద్ద అడవిలో సింహం లేదు. ఒకప్పుడు ఉండేదట. అది పోయాక కొత్త సింహం కోసం వెతికి వెతికి, దొరక్కపోయేసరికి కమిటీ వేసుకున్నారు. గర్జనలు తగ్గాయి, మీటింగులు పెరిగాయి.

ఆ అడవిలో ప్రతి లోయకూ ఒక నడిబొరియ ఉంది. నేల అడుగున అన్ని ఇళ్ల సొరంగాలూ వచ్చి కలిసేది అందులోనే. గాలి, నీళ్లు, దాచుకున్న తిండి, మేతకు వెళ్లే తల్లులు పొద్దున్నే అప్పగించి పోయే పిల్లలు, గుడ్లు, అన్నీ అక్కడే. మన కంప్యూటర్లలో కూడా అన్నిటికీ అడుగున ఇలాంటిదే ఒక నడిబొరియ ఉంటుందని చదువుకున్నవాళ్లు చెబుతారు. నాకు అడవి సంగతే తెలుసు, అదే చెబుతాను.

మొదటి నడిబొరియను ఎగువ లోయలో, ఒంటినిండా పొలుసులుండే అలుగు వంశం వాళ్లు తవ్వారు. బాగుందని మిగతా లోయలవాళ్లు మలుపు మలుపూ అలాగే తవ్వుకున్నారు. ఎవరూ కొత్తగా ఆలోచించనక్కర్లేదు కాబట్టి అందరికీ సుఖంగానే ఉంది. కాకపోతే ఒక లోయలో లొసుగు ఉందంటే, అన్ని లోయల్లోనూ అదే చోట అదే లొసుగు ఉంటుంది.

ఆ లొసుగును ఎగువ లోయ ముంగిస కనిపెట్టింది.

ప్రతి నడిబొరియ గుమ్మం లోపలా ఒక పందికొక్కు కాపలా కూర్చుంటుంది. గుమ్మంలో మొహం కనబడితే "ఎవరు? ఏం పని?" అని అడుగుతుంది. తోక కనబడితే వెళ్లిపోతున్నారని అర్థం కాబట్టి "మంచిది, మళ్లీ రండి" అంటుంది. ఒకరోజు ముంగిస సరదాకి వెనక్కి నడుస్తూ లోపలికి వచ్చింది. పందికొక్కు దాని తోకకు మర్యాదగా "మంచిది, మళ్లీ రండి" అంది. ముంగిస అలాగే పిల్లల గది దాకా వెళ్లిపోయింది. లోపల తిరిగేవాళ్లను ఎవరూ ఏమీ అడగరు. గుమ్మం దగ్గర అడిగే ఉంటారని అందరి నమ్మకం.

ముంగిస మంచిదే కానీ, దానికి పేరు పిచ్చి. కమిటీకి చెప్పకముందే లొసుగుకు "మహా వెనకడుగు" అని నామకరణం చేసింది. నేల మీద గోటితో దానికో బొమ్మ కూడా గీసింది. ఒక తోక, చుట్టూ మంటలు.

కమిటీ కూర్చుంది. అధ్యక్ష స్థానంలో ఎలుగుబంటి. మూసిన కళ్లు తెరవకుండానే అడిగింది: "ప్రమాదానికి పదికి ఎన్ని మార్కులు వేద్దాం?"

"సున్నా," అంది ఏనుగు. "ఆ గుమ్మంలో నా తొండం కూడా పట్టదు."

"పది," అంది ముంగిస. "పదకొండు వేస్తానన్నా నాకు అభ్యంతరం లేదు."

అలుగు మొహం మాడిపోయింది. "అది మా తాత తవ్విన ద్వారం. ఇన్ని తరాల్లో వెనక్కి నడిచి వచ్చినవాళ్లు లేరు."

"లేరో, వచ్చినా మీకు తెలియలేదో," అంది ముంగిస.

చివరికి ఏడు వేశారు. ఆరు వేస్తే ముంగిస అలుగుతుంది, ఎనిమిది వేస్తే జనం భయపడతారు. మరమ్మతు మాత్రం చాలా తేలిక. "మొహమైనా తోకైనా అందరినీ అడుగు" అని పందికొక్కుకు ఒక్క మాట చెబితే చాలు. అలుగు గొణుక్కుంటూనే ఆ మధ్యాహ్నం చెప్పేసింది. అక్కడితో ఆగి ఉంటే నాకు ఈ కథ చెప్పే పని తప్పేది.

ప్రచారం పనులు చూసే నెమలి ఆగనిస్తుందా? మర్నాడు పొద్దున్నే పెద్ద బండ మీద సభ పెట్టింది.

దిగువ లోయ కుందేలు, ఇద్దరు పిల్లల్నీ తమ నడిబొరియలో అప్పగించి, మేత కోసం ఎగువకు వచ్చింది. గుంపు చూసి ఆగింది. నెమలి పింఛం విప్పి ప్రసంగం మొదలుపెట్టింది. ఏ గుమ్మం, కాపలా ఏమంటుంది, ఎక్కడ వెనక్కి తిరగాలి, లోపలికి వెళ్లాక పిల్లల గది ఎటువైపు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ముంగిస వెనక్కి నడిచి చూపించింది. చప్పట్లు మోగాయి.

కుందేలు గుంపును తోసుకుంటూ ముందుకు వచ్చింది. "నెమలి గారూ, మీ గుమ్మం బాగుచేసుకున్నారు. మా గుమ్మం ఇంకా అలాగే ఉంది కదండీ? అన్ని లోయల్లోనూ బాగుచేయించాక ఈ సభ పెట్టుకోకూడదా?"

"పారదర్శకత, కుందేలమ్మా!" అంది నెమలి. "దాచడం మా పద్ధతి కాదు. అయినా మీ లోయకు నిన్ననే కబురు పంపాం."

"ఎవరితో?"

"నత్తతో."

సభ అందరిదీ కాబట్టి వెనక వరసలో బావురుపిల్లి కూడా కూర్చుంది. అది వినయంగా లేచి నిలబడింది. "అయ్యా, చిన్న సందేహం. పిల్లల గది ఎడమకా, కుడికా? నాకు సరిగ్గా వినబడలేదు."

నెమలికి కళ్లు చెమర్చాయి. ఎన్ని సభలు పెట్టినా తన ప్రసంగంలో సందేహం అడిగిన ప్రాణి ఇంతవరకు లేదు. "ఎడమకి, నాయనా," అని మొత్తం మొదటినుంచీ మళ్లీ చెప్పింది.

కుందేలు అప్పటికే పరుగులో ఉంది.

దిగువ లోయ నడిబొరియ బాధ్యత ఉడుముది. కుందేలు రొప్పుతూ చెప్పినదంతా అది కదలకుండా వింది.

"మా బొరియ నిలకడగా ఉంది," అంది. "నిలకడగా ఉన్నదాన్ని కదపకూడదు. పోయిన వానాకాలం ఎగువవాళ్లు గాలి కన్నం వెడల్పు చెయ్యమన్నారు, చేశాం. ఉడతల ఇంట్లో నీళ్లు ఊరాయి."

"పందికొక్కుకు ఒక్క మాట చెప్పడమే కదండీ!"

"ఆ మాటను ముందు చీమల మీద పరీక్షించాలి. చీమలకు ఇబ్బంది లేకపోతే తొండల మీద. అన్నీ కుదిరితే వానలు తగ్గాక చూద్దాం."

"బావురుపిల్లి మొత్తం వింది ఉడుము గారూ! దారి కూడా అడిగి తెలుసుకుంది. నా పిల్లలిద్దరూ లోపలే ఉన్నారు. మీ గుడ్లు కూడా అదే గదిలో ఉన్నాయి కదా?"

"నా గుడ్లు ఉన్నాయి కాబట్టే ఇంత జాగ్రత్త," అంది ఉడుము. ఉడుంపట్టు అని ఊరికే అనరు.

"పోనీ, నా పిల్లల్ని నాకు ఇచ్చెయ్యండి."

"పొద్దుగూకాకే ఇస్తాం. పగలు తల్లికి కూడా లోపలికి ప్రవేశం లేదు."

సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. కుందేలు గుమ్మం దగ్గరకు వెళ్లి వెనక్కి తిరిగింది. పొడుగాటి వెనక కాళ్లతో వెనక్కి నడవడం నరకం. పైగా దాని తోక తోకని చెప్పుకోవడానికి కూడా చాలదు. పందికొక్కుకు అదే చాలింది.

"మంచిది, మళ్లీ రండి."

గదిలో కుందేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోతున్నాయి. వాటిని చూడగానే ప్రాణం లేచివచ్చింది. లేపింది. పక్కనే ఉన్న పూరేడు పిల్లల్నీ, ఉడత కూనల్నీ కూడా లేపి, "నడవగలిగినవాళ్లంతా నాతో రండి" అంది. గుడ్లు నడవలేవు. ఒక గుడ్డును ముక్కుతో దొర్లించుకుంటూ గుమ్మం దాకా తెచ్చింది కానీ, అక్కడి ఎత్తు ఎక్కించలేకపోయింది. పిల్లల్ని గడ్డిలో దాచి మళ్లీ వద్దామనుకుంది. దాచి తిరిగి చూసేసరికి, గుమ్మంలోకి వెనక్కి నడుస్తూ పోతున్న బావురుపిల్లి మొహం కనబడింది. లోపలినుంచి పందికొక్కు మర్యాద కూడా వినబడింది. కుందేలు పిల్లల మీద పడుకుని, వాటి చెవులు మూసి, ఏడ్చింది.

మర్నాడు విచారణకు కమిటీ అంతా దిగువ లోయకు దిగింది. గదిలో పెంకులు మాత్రమే మిగిలాయి.

ముందు పందికొక్కును పిలిచారు. "నిన్న పగలు లోపలికి ఒక్కరూ రాలేదండి," అంది అది. "బయటికి మాత్రం చాలామంది వెళ్లారు."

"ఎవరూ రాలేదంటే దొంగతనం జరగలేదు," అంది ఎలుగుబంటి. "గుడ్లు వాటంతట అవే వెళ్లిపోయి ఉంటాయి."

కుందేలు ఉండబట్టలేకపోయింది. "బావురుపిల్లి వెళ్లడం నా కళ్లతో చూశానండీ! వెనక్కి నడుస్తూ వెళ్లింది. పందికొక్కుకు ఎలా తెలుస్తుంది? నేను లోపలికి వెళ్లిందీ దానికి తెలియదు కదా!"

"ఒప్పేసుకుంది," అంది నెమలి.

ఎలుగుబంటి మొదటిసారి కళ్లు తెరిచి ఉడుము వైపు చూసింది. "ఈ లొసుగు సంగతి కుందేలు నీకు ముందే చెప్పిందా?"

ఉడుము కళ్లు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా పెంకుల పక్కనే పడుకుంది పాపం. చెప్పలేదంటే అబద్ధం. చెప్పిందంటే, విననిది తనే. కుందేలు వైపు చూసింది. నిజం మొత్తం చెప్పేస్తుందేమో అన్నట్టు ఉడుము నాలుక ఒకసారి బయటికి వచ్చి వెనక్కి పోయింది.

"చెప్పింది," అంది చివరికి. "బావురుపిల్లి వస్తుందని కూడా చెప్పింది. అంటే కుందేలుకు అన్నీ ముందే తెలుసు."

"నేను చెప్పింది ఆపమని!" అంది కుందేలు.

ఆ మాట తీర్పులోకి ఎక్కలేదు. కుందేలును, దాని పిల్లలను అన్ని లోయల నడిబొరియల నుంచీ వెలివేశారు. దిగువ లోయలో లొసుగు తెలిసింది అదొక్కదానికే కాబట్టి, దాన్ని పంపించెయ్యడంతో మరమ్మతు పూర్తయినట్టు ప్రకటించారు. లొసుగు కనిపెట్టినందుకు ముంగిస మెడలో దండ వేశారు. పందికొక్కుకు ఎవరూ ఏ మాటా చెప్పలేదు.

కుందేలు పిల్లల్ని వెంటబెట్టుకుని గడ్డిలోకి వెళ్లిపోయింది. ఇప్పటికీ మన అడవుల్లో కుందేలు బొరియ తవ్వుకోదు, కావాలంటే చూడండి. పైకప్పు లేకుండా, తలుపు లేకుండా, చెవులు నిక్కబొడుచుకుని గడ్డిలోనే పడుకుంటుంది.

ఇందులో నీతి: ప్రమాదం రాబోతోందని ముందుగా ఎవరికీ చెప్పకండి, వచ్చాక దాన్ని మీరే తెచ్చారని తేలుతుంది.