అంగుళం మైనరైన వైనం

చట్టానికి కళ్ళు లేవని లోకం ఇన్నాళ్ళూ అనుకుంటున్నది తప్పనీ, రేపటి నుంచి దానికి కళ్ళొస్తాయనీ, కాకపోతే ఆ కళ్ళు ఎవరికీ కనిపించవనీ మంత్రిగారు పదకొండు మైకుల ముందు ప్రకటించారు. పథకం పేరు 'మాయకన్ను'. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకి సిగరెట్లమ్మే కొట్లని రహస్య కొనుగోలుదారులు పట్టేస్తారు.

"పూర్వం రాజులు మారువేషాల్లో తిరిగేవాళ్ళు. మాకంత తీరిక లేదు గనక మా తరఫున మనిషిని తిప్పుతాం" అన్నారు మంత్రిగారు.

అందరూ చప్పట్లు కొట్టారు. బల్లకింద మంత్రిగారి సిగరెట్ బూడిద డబ్బా పట్టుకుని కూర్చున్న అంగుళం మాత్రం కొట్టలేకపోయాడు, చేతులు ఖాళీ లేక.

అంగుళం అంటే ఇక్కడ కొలత కాదు, మనిషి. ఆరోగ్యశాఖ ఆఫీసులో ఇరవై నాలుగేళ్ళుగా టెంపరరీ అటెండరు. వయసు యాభై ఒకటి, ఎత్తు నాలుగడుగుల తొమ్మిది, మనవరాలు ఒకతి. కోరిక కూడా ఒకటే, పర్మనెంటు కావడం. పర్మనెంటైతే ఆఫీసు వెనక క్వార్టర్సులో కింది వాటా ఇస్తారు. అందులో కుళాయి వంటింట్లోనే ఉంటుంది. ఇప్పుడుంటున్న మూడో అంతస్తుకి అతని భార్య రోజూ ఎనిమిది బిందెలు మోస్తోంది. ఆమె మోకాళ్ళు మెట్టుమెట్టుకీ ప్రభుత్వాన్ని తిడతాయి. నోరు మాత్రం మొగుణ్ణే తిడుతుంది.

ఇక పథకానికి కావలసినవన్నీ వచ్చేశాయి. జీపు వచ్చింది, రసీదు పుస్తకాలొచ్చాయి, పోస్టర్లొచ్చాయి. రానిదల్లా పద్దెనిమిది నిండని పిల్లాడు. డైరెక్టరుగారు స్టాఫుని పిలిచారు.

"మీ వాణ్ణి పంపవయ్యా" అన్నారు హెడ్ క్లర్కుతో.

"పంపేవాణ్ణే సార్. కానీ మావాడు రహస్యంగా కొనలేడు. కొట్లవాళ్ళంతా గుర్తుపట్టేస్తారు, రోజూ వెళ్ళేవాడే."

"అసలు పిల్లలతో పని చేయించడమే నేరం సార్. అందులో సిగరెట్లు కొనిపించడమంటే ముందు మన మీదే కేసు పడుతుంది" అన్నాడు లీగల్ అసిస్టెంటు.

అప్పుడే అంగుళం టీ పళ్ళెం పట్టుకుని లోపలికొచ్చాడు. వెనక నుంచి చూస్తే బడికెళ్ళే వాడిలాగే ఉన్నాడు. డైరెక్టరుగారు తదేకంగా చూశారు.

"పొట్టివాడికి పుట్టెడు బుద్ధులని ఊరికే అనలేదు. నీకెన్నేళ్ళురా?"

"యాభై ఒకటండి."

"తొందరపడి చెప్పకు."

సాయంత్రానికల్లా ఆర్డరు టైపయింది. 'ప్రజాప్రయోజనాల దృష్ట్యా పై వ్యక్తిని పదిహేడేళ్ళ మైనరుగా భావించవలెను.' కింద మూడు సంతకాలు, రెండు ముద్రలు.

"రెండొందల కేసులు పడనీ. నీ పర్మనెంటు ఫైలు నా చేత్తో నేనే పంపిస్తా" అన్నారు డైరెక్టరుగారు. అంత పెద్దమనిషి మాటిస్తే కాదనడానికి అంగుళం ఎవరు?

ఇంటికెళ్ళి భార్యతో చెప్పాడు. "నన్ను మైనర్ని చేశారే."

ఆమె బిందె దించింది. "ఈ వయసులో మైనరు వేషాలా? ఎవత్తయ్యా అది?"

"అది కాదే. మైనరంటే పిల్లాడని."

"పిల్లాడికి మనవరాలెక్కణ్ణించి ఊడిపడింది?"

"అదంతా నాకు తెలీదు. ఆర్డరుంది. ఇది అయితే కింది వాటా ఇస్తారు."

"కుళాయి వంటింట్లోనేనా?"

"వంటింట్లోనే."

ఆమె కత్తెర తెచ్చి ముప్ఫై ఏళ్ళ మీసం తనే కత్తిరించేసింది. జుట్టుకి రంగేసింది. మనవరాలి బడిసంచీ, బాతు బొమ్మది, భుజానికి తగిలించి, ఎలా ఉన్నాడో చూసి, మొహం అటు తిప్పుకుంది. నవ్వు దాచుకోవడానికో ఏడుపు దాచుకోవడానికో అంగుళం అడగలేదు.

మొదటి కేసు ఆఫీసు ఎదురుగా ఉన్న బడ్డీ కొట్టు మీద. ఆ కొట్టావిడ దగ్గర అంగుళం ఇరవై నాలుగేళ్ళుగా రోజూ సిగరెట్ కొంటున్నాడు.

"ఒకటివ్వమ్మా" అన్నాడు, గొంతు సన్నం చేసి.

"అయ్యో, మీసం ఏమైందన్నా? గొంతు కూడా పోయినట్టుందే!" అంటూ ఆవిడ చేతిలో పెట్టింది.

జీపు చాటు నుంచి ఇన్‌స్పెక్టరు దూకాడు. "దొరికావ్! మైనరుకి అమ్మావు!"

ఆవిడ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని. "ఎవరికి?"

"ఇతనికి."

"ఇతనికా? ఇతని కూతురి పెళ్ళికెళ్ళొచ్చాను నేను!"

"పెళ్ళికెళ్ళావో పేరంటానికెళ్ళావో నాకనవసరం. ఆర్డరు చదువు."

"నా కళ్ళకి కనిపిస్తోంది కదా బాబూ!"

"చట్టం కళ్ళతో చూడదమ్మా, కాగితంతో చూస్తుంది."

ఇంతలో వెనక నుంచి యూనిఫాం వేసుకున్న నలుగురు కుర్రాళ్ళు వచ్చారు. "అంకుల్, కాస్త జరుగుతారా? బెల్ కొట్టేస్తారు" అన్నాడొకడు. తలా ఒకటి కొనుక్కున్నారు.

"గవర్నమెంటు పనికి అడ్డం రాకండర్రా. తీసుకున్నారుగా, పోండి" అని కసిరి, ఇన్‌స్పెక్టరు కేసు రాయడం పూర్తిచేశాడు. కొట్టు వారంరోజులు మూతపడింది. మూసే ముందు ఆవిడ అంగుళానికి రావలసిన చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టింది. దానికన్నా తిడితే బాగుండేది.

అక్కణ్ణించి పథకం పరుగందుకుంది. రోజుకి పది కొట్లు, పన్నెండు కొట్లు. మంత్రిగారి బావమరిది దుకాణం ముందుకొచ్చినప్పుడల్లా జీపు టైరు పంక్చరయ్యేది గానీ, మిగతా ఊరంతటా చట్టం దివ్యంగా పనిచేసింది. ఇరవై రోజుల్లో రెండొందల కేసులు నిండాయి.

సన్మాన సభ పెట్టారు. మంత్రిగారు అంగుళం తల నిమిరి "ఎంతవరకు చదివావు బాబూ?" అన్నారు.

"మూడో క్లాసండి" అన్నాడు అంగుళం. అబద్ధం కాదు. అక్కడే మానేశాడు.

బహుమతిగా రంగు పెన్సిళ్ళ డబ్బా ఇచ్చారు. మర్నాడు పేపర్లో మంత్రిగారి మొహం నిగనిగలాడింది. అంగుళం మొహం మాత్రం మసకగా వేశారు. మైనర్ల మొహాలు చూపించకూడదట. "ఇది నేనే" అని అతను వేలు పెట్టి చూపిస్తే, భార్య బాతు బొమ్మని చూసి నమ్మింది.

డైరెక్టరుగారు మాట తప్పలేదు, ఫైలు పంపారు. అది తిరిగొస్తుందన్న రోజు పొద్దున్నే అంగుళం భార్య చీపురు పట్టుకెళ్ళి కింది వాటా కడిగొచ్చింది. వంటింటి కుళాయి తిప్పి చూసింది. కట్టేసింది. మళ్ళీ తిప్పి చూసింది.

ఫైలొచ్చింది. 'అభ్యర్థి మైనరు అయినందున నియామకమునకు అనర్హుడు. పద్దెనిమిది సంవత్సరములు నిండిన పిదప దరఖాస్తు చేసుకొనవలెను. మీ కార్యాలయము ఒక మైనరుచే ఇరవై నాలుగు సంవత్సరములుగా పని చేయించుటకు సంజాయిషీ ఇవ్వవలెను.'

డైరెక్టరుగారికి చెమటలు పోశాయి.

"ఆ ఆర్డరు రద్దు చేసేయండి సార్" అన్నాడు అంగుళం.

"చేస్తే రెండొందల కేసులూ గాల్లో కలుస్తాయి. మంత్రిగారు వాటి గురించి పెద్ద పెద్ద సభల్లో మాట్లాడొచ్చారురా."

"పోనీ, నాకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయండి?"

డైరెక్టరుగారు ఆర్డరు అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇందులో వయసే ఉంది. పుట్టినరోజు లేదే!"

మధ్యాహ్నానికి మంత్రిగారు మళ్ళీ మైకుల ముందుకొచ్చారు. సొంత శాఖ అని కూడా చూడకుండా, ఇరవై నాలుగేళ్ళుగా మగ్గుతున్న ఒక బాలకార్మికుణ్ణి తాము విడిపించామని గద్గదంగా చెప్పారు. బల్లకింద బూడిద డబ్బా ఈసారి ఇంకెవరో పట్టుకున్నారు.

విముక్తుడైన అంగుళం బాతు సంచీలో తన టిఫిన్ డబ్బా, రంగు పెన్సిళ్ళు సర్దుకుని బయటికొచ్చాడు. ఇంటికెళ్ళాలి. కడిగొచ్చిన మనిషికి సంగతి చెప్పాలి. దానికి ముందు ఒక దమ్ము పడితే గానీ కాళ్ళు కదలవనిపించి, బడ్డీ కొట్టు దగ్గరికి నడిచాడు.

"ఒకటివ్వమ్మా."

ఆవిడ పెట్టె మూత మూసేసింది. "వయసు కాగితం ఉందా అన్నా?"

అంగుళం జేబులోంచి ఆర్డరు తీసిచ్చాడు. అతని దగ్గరున్న కాగితం అదొక్కటే. ఆవిడ కూడబలుక్కుని చివరిదాకా చదివి, మడిచి, భద్రంగా తిరిగిచ్చింది.

"చట్టం ఒప్పుకోదన్నా. పద్దెనిమిది నిండాక రా."

అలవాటు కొద్దీ జీపు వైపు చూశాడు. ఇది రాసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

యూనిఫాం కుర్రాడొకడు అంగుళాన్ని దాటుకుని ముందుకొచ్చాడు. రెండు కొన్నాడు. ఒకటి తను నోట్లో పెట్టుకుని, రెండోది అంగుళం చేతిలో పెట్టి భుజం తట్టాడు.

"భయపడకండంకుల్. మీ ఇంట్లో చెప్పను."