వేడి వృథా నివారణ పథకం

ఒక పెద్ద అడవిలో నీళ్ళన్నీ కింద ఏట్లోనూ, తాగే జనమంతా పైన గుట్ట మీదా ఉండేవారు. ఏట్లో మొసళ్ళు కూడా ఉండేవి. అందుకని అడవి సభవారు ఒక ఆవిరి యంత్రం పెట్టించి, నడిపే పని కంటకయ్య అనే ముళ్ళపందికి అప్పగించారు.

కంటకయ్య పొద్దున్నే బాయిలర్ కింద కట్టెలు ఎగదోసేవాడు. ఆవిరి పిస్టన్‌ని పైకి లేపేది. అప్పుడు చన్నీళ్ళ కుళాయి తిప్పేవాడు. ఆవిరి చల్లబడి నీళ్ళయిపోయేది, పిస్టన్ కిందికి దిగేది, దిగుతూ ఏటి నీళ్ళని గుట్ట మీది కుంటలోకి తోడేది. వేడెక్కిన నీళ్ళు కాలవలోకి పోయేవి. అందులో ముసలి దున్నలు నడుములకి కాపడం పెట్టుకునేవి.

ఆ వేసవిలో బకారావు అనే కొంగ పొదుపు సంఘానికి అధ్యక్షుడయ్యాడు. సభలో ఖాళీగా ఉన్న కుర్చీ మీద ఆయనకి కన్నుంది. తనిఖీకి వచ్చి, కాలవలో ఒక కాలు పెట్టి, వెంటనే తీసేశాడు.

"ఏమయ్యా కంటకయ్యా, ఈ నీళ్ళు ఇంత వేడిగా ఉన్నాయేం?"

"యంత్రం వదిలిన వేడండీ."

"మన కట్టెల వేడేగా?"

"అవునండీ. కొంత పనికి పోతుంది, మిగతాది వదిలెయ్యాలి. వదలకపోతే పిస్టన్ దిగదండీ."

బకారావు 'వదిలెయ్యాలి' అన్న మాట మటుకు రాసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సభకి పెద్ద అయిన ఏనుగు ఆ కాగితం చదివి కంటకయ్యని పిలిపించింది.

"వేడితో నడిచే యంత్రానికి చల్లదనం ఎందుకయ్యా?"

"వేడికి దిగిపోయే చోటు ఉండాలండీ. అలా దిగిపోయేటప్పుడే పని జరుగుతుంది."

సభ అంతా నవ్వింది. కుళాయి మూసేసి, యంత్రానికి ఎండుగడ్డి దుప్పటి కప్పాలని తీర్మానించారు.

పిస్టన్ ఒక్కసారి పైకి లేచి, అక్కడే ఉండిపోయింది. రోజుకి నలభై మోపుల కట్టెలు తినే పొయ్యికి ఇప్పుడు రెండు మోపులు చాలు. కాలవ నీళ్ళు చల్లబడ్డాయి. బకారావు రోజూ వచ్చి చూసుకుని, వృథా సున్నా అని రాసుకునేవాడు. కంటకయ్య కదలని పిస్టన్ పక్కన కూర్చునేవాడు. అతనికి అన్నం సయించడం మానేసింది.

పదో రోజుకి కుంట ఎండిపోయింది. నీళ్ళకని ఏటికి దిగిన దుప్పి పిల్లని మొసలి పట్టుకుంది. వాళ్ళమ్మ లాక్కొచ్చింది గానీ ఒక కాలు పోయింది. ఆ సంగతి విన్న కంటకయ్య లేచి తిన్నగా కుళాయి దగ్గరికి నడిచాడు. అక్కడ బకారావు ముందే నిలబడి ఉన్నాడు. ఆయన చేపలు పట్టేది ఆ కుంటలోనే.

"తిప్పవయ్యా. రాసిచ్చే కాగితం మాత్రం అడక్కు," అన్నాడు మెల్లిగా.

"మీరు చెప్పకపోయినా తిప్పేవాణ్ణేనండీ," అన్నాడు కంటకయ్య. పిస్టన్ దిగింది. నీళ్ళొచ్చాయి.

వారం తిరక్కుండానే, ఆ పది రోజులూ వేడి వృథా కాకుండా ఆపినందుకు బకారావుకి పతకమూ, సభలో కుర్చీ కూడా ఇచ్చారు. కాలవలో మళ్ళీ వేడి ఎందుకు కనబడిందో సంజాయిషీ ఇమ్మని కంటకయ్యకి కాగితం వచ్చింది. దాని కింద బకారావు సంతకం ఉంది. కంటకయ్య దాన్ని చదివి పొయ్యిలో వేసి, కుళాయి తిప్పడానికి వెళ్ళాడు.

కుంటలో చేపలు మళ్ళీ పెరగడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా బకారావు పతకం వేసుకుని మిడతలు తిన్నాడు.

నీతి: వృథా లేకుండా నడవాలంటే, నడవకుండా ఉండడమే ఉత్తమం.