రెండు గేజీల పర్వతాలు

నకిరేకల్ దుకాణదారులారా, సోమమ్మ ఏడాదిగా పుట్టింటి గడప తొక్కలేదంటే ఆ పాపం మీదే. టైరులో గాలి కొలిచే గేజీలని మీరు అంటగట్టిన ఇత్తడి గొట్టాల్లో ఒకటి చెప్పింది ఇంకొకటి చెప్పదు. బెల్లాన్ని కూడా తూచి అమ్మే మీరు, కొలిచే వస్తువును కొలవకుండా అమ్మారు.

సోమమ్మ మొగుడు పర్వతాలు ఊళ్లో మొట్టమొదట రబ్బరు టైర్ల ఎడ్లబండి కట్టించిన మనిషి. గాలి తక్కువైతే టైరు నలుగుతుందని, ఎక్కువైతే పగులుతుందని ఎవరో చెప్పగా ఒక గేజీ కొన్నాడు. అది నిజం చెబుతుందో లేదోనని అనుమానం పుట్టి, దాన్ని పరీక్షించడానికి ఇంకొకటి కొన్నాడు.

టైరు నోటికి ఆనిస్తే గొట్టంలోంచి గీతలున్న పుల్ల బయటికి పొడుచుకొస్తుంది. ఒకే టైరుకు ఒకదాని పుల్ల గోరంత వచ్చింది, రెండోదాని పుల్ల వేలంత వచ్చింది. ఏది నిజమో తెలియక తల పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా తల ఎత్తి మీసం దువ్వాడు. దేవుడు తనకు వరమిచ్చాడని అర్థమైంది.

ఒకదానికి పొట్టి నాలుక, ఇంకొకదానికి పొడుగు నాలుక అని పేర్లు పెట్టుకున్నాడు. సంతకు పోవాలన్నా, కల్లుకు పోవాలన్నా పొడుగు నాలుక బయటికి వచ్చేది. ఎవరైనా బండి అడిగితే పొట్టి నాలుక వచ్చేది. పక్కింటి సత్తమ్మ తన మేకకు కడుపుబ్బి పశువుల దవాఖానకు బండి అడిగితే, గాలి లేదని గోరంత పుల్ల చూపించి పంపాడు.

అన్నిటికంటే అత్తగారి ఊరికి పొట్టి నాలుక బాగా పనికొచ్చింది. మామ మల్లప్పకు పెద్ద గొర్ల మంద ఉంది. అల్లుడికి మర్యాద చేయడమంటే ఆయన దృష్టిలో కొమ్ముల పొట్టేలును ఒళ్లో పెట్టి ఉన్ని కత్తిరించమనడమే. ఆ మర్యాద పర్వతాలు పక్కటెముకల్లో ఇంకా కలుక్కుమంటూనే ఉంది. అందుకే దసరాకు గాలి లేదు, జాతరకు గాలి లేదు. గాలి కొట్టమంటే పంపు పోయింది. సోమమ్మ ఇత్తడితో కొట్లాడలేక ఊరుకుంది.

ఈసారి ఊరుకునే పని కాదు. ఆమె తమ్ముడి తొలి బిడ్డను తొట్టెలో వేసే రోజది. మేనత్తే బిడ్డను తొట్టెలో వేసి పేరు పిలవాలి. మాపటికల్లా ఆమె చేరకపోతే మరదలి అక్క పేరు పెట్టేస్తుందట. ఆ పేరేమిటో విన్నప్పటి నుంచి సోమమ్మకు ముద్ద దిగడం లేదు.

పొద్దున్నే పర్వతాలు పొట్టి నాలుకను టైరుకు ఆనించి, గోరంత పుల్లను చూపించి నిట్టూర్చాడు.

"గాలి లేదే సోమీ. గిట్ల పోతే నడిమిట్లనే టైరు పోతది. వచ్చే నెల పోదాం."

సోమమ్మ పుల్లను చూసింది, మొగుణ్ని చూసింది. కొట్టంలోకి పోయి, తెల్లారగట్ల ఎడ్లకు గడ్డి లాగుతుంటే వామి కింద దొరికిన, పోయిందన్న పంపునే తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది.

"లేకుంటే కొట్టు."

పర్వతాలు కొట్టాడు. నిన్న కల్లుకు పోయేటప్పుడే నిండా కొట్టిన టైరది. కొట్టినంతసేపు కొట్టి ఆగితే, సోమమ్మ పొట్టి నాలుకను ఆనించి ఇంకా గోరంతే ఉందన్నది. మళ్లీ కొట్టాడు. పంపు పిడి కిందికి దిగనని మొండికేసి అతన్నే పైకి లేపుతోంది. ఎడ్లు నెమరు ఆపి చూస్తున్నాయి. ఇత్తడి బిందెతో నీళ్లు తెస్తున్న సత్తమ్మ కూడా దడి పక్కన నిలబడింది.

చాలు, చేత్తో నొక్కి చూడమని పర్వతాలు బతిమాలాడు.

"చేతికేం ఎరుకయ్యా. గేజీ అబద్ధమాడదని నువ్వే గద అన్నవు. కొట్టు."

టైరు కిర్రుమంది. పర్వతాలుకు ఆ టైరంటే ప్రాణం. ఆ ప్రాణం ఇప్పుడు గుమ్మడికాయలా ఉబ్బి కళ్లముందు పోయేలా ఉంది. ఇక ఆగలేక తలపాగాలోంచి పొడుగు నాలుకను లాగి టైరు నోటికి పెట్టాడు. పుల్ల పొడుచుకు రావడం కాదు, గొట్టాన్నే వదిలి బాణంలా ఎగిరిపోయి సత్తమ్మ బిందెకు టంగుమని తగిలింది.

సత్తమ్మ కింద పడ్డ పుల్లను తీసి, ఎండకు పట్టి చూసింది.

"మరిదీ, నా మ్యాక కడుపుబ్బిన నాడు గీ పుల్ల యాడ వెట్టినవు?"

సోమమ్మ గొంతు పెంచలేదు. ఈ రెండింట్లో ఏది నిజమని మాత్రం అడిగింది. పొట్టిదంటే పంపు కొట్టాలి, పొడుగుదంటే బండి కట్టాలి. పర్వతాలు ఆలోచించుకోబోయాడు కానీ టైరు మళ్లీ కిర్రుమంది.

"పొడుగుది," అన్నాడు, పంక్చరైన గొంతుతో.

"అయితే ఎడ్లను గట్టు."

ఎక్కువైన గాలిని ఆమే తుమ్మముల్లుతో నొక్కి తీసింది. అది బుస్సుమని పర్వతాలు మీసాల నిండా దుమ్ము కొట్టింది. బండి ఎక్కింది సోమమ్మ ఒక్కతే కాదు. నకిరేకల్ దాకా పనుందని సత్తమ్మ ఎక్కింది, ఆమెతోపాటు మేకా ఎక్కింది.

దీపాలు పెట్టకముందే చేరారు. సోమమ్మ మేనకోడలిని తొట్టెలో వేసి తాను అనుకున్న పేరే పిలిచింది. మరదలి అక్క మూతి ముడుచుకుంది. తెల్లారి పర్వతాలు ఒళ్లో పొట్టేలు, చేతిలో కత్తెర. మామ పక్కనే కూచుని, అల్లుడికి ఏడాదిగా బాకీపడ్డ మర్యాద తీరుతోందని మురిసిపోతున్నాడు.

ఇక మాటలు చాలు. దుకాణదారులు ఈ సంత నుంచే గుమ్మం ముందు గాలి నింపిన టైరొకటి పెట్టాలి. కొనేవాళ్ల కండ్ల ముందు గేజీలన్నీ దానికి వరసగా ఆనించాలి. తోటివాటితో కలవనిదాన్ని అక్కడికక్కడే బండతో చితగ్గొట్టాలి. మిగిలినవాటిని ఇంటికి ఒక్కటి మాత్రమే అమ్మాలి. అదీ మొగుడి చేతికి ఇవ్వొద్దు, పెండ్లాన్ని పిలిపించి ఆమె కొంగున కట్టాలి.