నలభై మూడు ఫైళ్ళలో హేమంత్

ఆ శుక్రవారం ఉదయం కిషోర్ పెట్టుకున్న పని ఒక్కటే: హేమంత్ కంటే ముందు ప్యాచ్ పంపడం. కాఫీ, స్నానం, తోటలో కొబ్బరి దింపు చూసుకోవడం, అన్నీ ఆ తరవాతేనని భార్య వాణికి ముందురోజే చెప్పేశాడు.

ఇద్దరిదీ ఒకటే కంపెనీ, ఒకటే జీతం, ఒకటే పని. కిషోర్ కొత్తపేటలో ఇంట్లో కూర్చుని చేస్తాడు, హేమంత్ రాజోలులో ఇంట్లో కూర్చుని చేస్తాడు. అయినా హైదరాబాదులో ఉండే మేనేజరు యశ్వంత్‌కి ఏ సందేహం వచ్చినా "హేమంత్‌ని అడుగుదాం" అంటాడు. అదైనా సహించవచ్చు. మొన్న వాణి లాప్‌టాప్ మొరాయిస్తే, పక్కగదిలో కట్టుకున్న మొగుడుండగా ఆవిడ హేమంత్‌కి ఫోన్ చేసింది. ఇదేమిటని అడిగితే "మీరు విసుక్కుంటారు కదండీ, ఆయనైతే ఓపిగ్గా చెప్తారు" అంది. కిషోర్ కడుపు మండిపోయింది. అది అసూయ. మర్యాదగా ఉండే ఇంకో మాట కోసం వెతికాను గానీ దొరకలేదు.

ఇప్పుడు ఆ మంటకి ఓ పదవి కూడా తోడైంది. వీళ్ళు పనిచేసేది ప్రపంచంలో ఎవరైనా చెయ్యి వేయగల ఓ ఉమ్మడి ప్రాజెక్టులో. కంప్యూటరు లోపల ఊహా కంప్యూటర్లు పుట్టించడం దాని పని. ఊహా కంప్యూటరు లేవగానే తనలో బ్యాటరీ ఎక్కడుందో, ఫ్యాను ఎక్కడుందో చెప్పే పట్టికలు అప్పజెప్పాలి. ఆ పట్టికలు ఎలా ఉండాలో నమూనాలు నలభై మూడు బైనరీ ఫైళ్ళుగా దాచి ఉంచుతారు. పెళ్ళిలో విస్తరి ఎలా వడ్డించాలో ఫొటో తీసి గోడకి అంటించినట్టన్నమాట. వడ్డన ఏమాత్రం మారినా పరీక్ష గోల పెడుతుంది. అందుకని మార్చదలచినవాడు మూడు ఉత్తరాలు రాయాలి. ఫొటో మారబోతోందని ఒకటి, వడ్డన మార్చానని ఒకటి, ఇదిగో కొత్త ఫొటో అని ఒకటి. ఈ మూడూ కలిస్తే ప్యాచ్.

ఈ ఫైళ్ళని కనిపెట్టుకుని ఉండే పెద్దాయన ఎక్కడో చలిదేశంలో ఉంటాడు. ఆయన ఈమధ్య తనకో సహాయకుడు కావాలన్నాడు. "మీ ఇద్దరిలో ఎవరి ప్యాచ్ ముందు శుభ్రంగా వెళ్తే వాళ్ళ పేరు సిఫారసు చేస్తాను" అన్నాడు యశ్వంత్. "రేపు పదింటికి పంపేద్దామనుకుంటున్నానండి, ఆయ్" అని హేమంత్ ముందురోజు కిషోర్‌కి ఫోన్లో ఉన్నమాట చెప్పేశాడు. అయితే తను ఎనిమిదింటికే పంపాలని కిషోర్ నిశ్చయించుకున్నాడు.

ఇక్కడ కిషోర్ రహస్యం ఒకటి చెప్పాలి. ప్రతి పట్టికలోనూ తయారుచేసినవారి పేరు రాసే చోటు ఉంటుంది. మూడు వారాలుగా అతను తన సొంత కాపీలో ఆ చోట హేమంత్ పేరు పెట్టుకుని పరీక్ష నడుపుతున్నాడు. నమూనాలో ఆ పేరు లేదు కాబట్టి తెరమీద ఎర్రటి అక్షరాలతో "హేమంత్: తప్పు" అని నలభై మూడు సార్లు వచ్చేది. అది చూస్తూ తాగితే కాఫీ మహా రుచిగా ఉండేది. ఎవరికీ అపకారం లేని సరదా.

ఆ ఉదయం పట్టికల్లో చేయవలసిన బ్యాటరీ మార్పు పూర్తిచేసి, కొత్త నమూనాలు తయారుచేసి, పరీక్ష నడిపాడు. అన్నీ పాసు. పంపబోతుంటే హేమంత్ పేరు గుర్తొచ్చింది. ఆ పేరున్న ఒక్క వాక్యాన్నీ కోడ్‌లోంచి తీసేసి, తన జాగ్రత్తకి తనే మురిసిపోయి, మూడు ఉత్తరాలూ ప్రాజెక్టు మెయిలింగ్ లిస్టుకి పంపేశాడు. కొత్త నమూనాలు ఆ వాక్యం ఉండగా తయారైనవని తట్టలేదు. బైనరీ ఫైలు తెరిచి చూద్దామన్నా కంటికి పిచ్చిగీతల్లా ఉంటుంది, కాబట్టి చూడలేదు.

తోటకి వెళ్ళి దింపు చూస్తూ ఉండగా జేబులో ఫోన్ కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆగట్లేదు.

"బాబుగారూ, ఎవరో పోయినట్టున్నారండి, చూడండి" అన్నాడు దింపు తీసే పోలయ్య చెట్టుమీంచి.

పోయింది కిషోర్ ప్రాణమే. ప్రాజెక్టువారి పరీక్షా యంత్రం లిస్టులో ఉన్న జనమందరికీ ఉత్తరం రాసింది. "పరీక్ష తప్పింది. ఉండవలసిన పేరు: హేమంత్. హేమంత్ కనబడలేదు." ఇలా నలభై మూడు సార్లు. దాని కింద బ్రెజిల్ నుంచి ఒకాయన అడుగుతున్నాడు: "ఈ హేమంత్ ఎవరు? ఆయన లేకపోతే బ్యాటరీ పనిచేయదా?"

కిషోర్ పరుగున ఇంటికొచ్చాడు. అప్పటికే తొమ్మిదిన్నర. నమూనాలన్నీ మళ్ళీ తయారుచేయాలంటే గంట పడుతుంది, ఈలోగా హేమంత్ ప్యాచ్ వచ్చేస్తుంది. కంగారులో ఒక్కటే తోచింది. తీసేసిన వాక్యాన్ని తిరిగి కోడ్‌లో పెట్టేసి, సవరించిన ప్యాచ్ అంటూ మళ్ళీ పంపాడు. ఈసారి యంత్రం శాంతించి అన్నీ పాసంది. కాకపోతే ఆ ప్యాచ్ వేసుకున్న వాళ్ళందరి ఊహా కంప్యూటర్లకీ తయారీదారు హేమంత్ అయిపోయాడు. బ్రెజిల్ ఆయన తెర ఫొటో తీసి మరీ పంపాడు.

పావు తక్కువ పదికి యశ్వంత్ ఫోన్ చేశాడు. అప్పుడే వాణి దిబ్బరొట్టె పళ్ళెం పట్టుకుని లోపలికి వచ్చి నిలబడింది.

"ఏంటయ్యా కిషోర్ ఇది? నీ ప్యాచ్ నిండా హేమంత్ పేరేంటి? పొరపాటైందని రాసెయ్యనా?"

పొరపాటంటే పదవి పోతుంది. నిజం చెబితే వాణి ముందు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

"పొరపాటు కాదండి, కావాలనే పెట్టేనండి. హేమంత్ గారి దగ్గర చాలా నేర్చుకున్నాను కదండి. గౌరవంగా..."

"మీ ఇద్దరికీ పడదనుకున్నానయ్యా రెండేళ్ళుగా. క్షమించు" అన్నాడు యశ్వంత్ గద్గదస్వరంతో. అంతటితో ఊరుకోక ఆ సంగతంతా లిస్టుకి రాశాడు. ఏయే దేశాల నుంచో శభాష్‌లు వచ్చిపడ్డాయి. చివరికి పెద్దాయనే రాశాడు: "పట్టికల్లో ఇలాంటి గౌరవాలు కుదరవు, తీసేసి పంపండి. కానీ ఈ లిస్టులో ఇంత పెద్దమనసు నేనెప్పుడూ చూడలేదు."

వాణి కళ్ళు తుడుచుకుంది. "ఏవండీ, మీరు ఆయన మీద కళ్ళల్లో నిప్పులు పోసుకుంటున్నారనుకున్నానండి ఇన్నాళ్ళూ. నాదే బుద్ధితక్కువ." కిషోర్ నోట్లో రొట్టెముక్క దిగేలోపే ఆవిడ హేమంత్ భార్య బిందుకి ఫోన్ కలిపేసింది.

పదకొండున్నరకి "పలివెల దాటేనండి" అని హేమంత్ దగ్గర్నుంచి ఫోను. పావుగంటకి మనిషే దిగాడు. చేతిలో పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కల మూట, భుజాన లాప్‌టాప్ సంచి, మొహం మాత్రం తప్పుచేసినవాడిలా ఉంది.

"రండి హేమంత్ గారూ, కూర్చోండి" అంది వాణి.

"కూర్చునే అర్హత లేదండి నాకు" అన్నాడతను. "మీకో సంగతి చెప్పుకోవాలండి కిషోర్ గారూ. నాకు మీరంటే కుళ్ళండి."

కిషోర్ నోరు వెళ్ళబెట్టాడు. "మీకా? నేనంటేనా?"

"ఆయ్. మీరు చకచకా రాసేస్తారు. నేను ఒక్క వాక్యానికి పూటంతా కూర్చుంటాను. పొద్దున్న మీ ప్యాచ్ కనపడగానే నాది పంపడం మానేసి, మీదాంట్లో తప్పులు పట్టుకుందామని కూచున్నానండి. నలభై మూడు ఫైళ్ళూ విప్పి చదివేను. ప్రతిదాంట్లోనూ నా పేరే. ఏదో గడబిడ అయ్యుంటుంది, ఉతికెయ్యాలనుకున్నాను. ఇంతలో యశ్వంత్ గారి ఉత్తరం వచ్చింది. సిగ్గుతో చచ్చిపోయేనండి."

"అది కాదండి హేమంత్ గారూ, అసలు సంగతేంటంటే..." అని కిషోర్ మొదలుపెట్టాడు. మొదలైతే పెట్టాడు గానీ వాణి అతన్నే చూస్తోంది. పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ అలా చూడడం ఇదే మొదలు. అసలు సంగతి ఇంకోరోజు చెప్పొచ్చులే అనుకున్నాడు.

"మీరేం చెప్పొద్దండి" అన్నాడు హేమంత్. "నా పేరు తీసేసి నమూనాలన్నీ మళ్ళీ తయారుచేసి తెచ్చేను, మీ పేరుమీదే పంపుకోండి. పెద్దాయనకి కూడా రాసేసేనండి. పోటీలోంచి తప్పుకుంటున్నాను, ఆ పదవికి తగినవారు కిషోర్ గారేనని."

అంటే పదవి వచ్చేసినట్టే. మూడు వారాలుగా కిషోర్ కలగన్నది ఇదే. అతనికి నిజంగానే గాల్లో తేలినట్టయింది, కానీ అర నిమిషమే.

"మీకు రావలసిన పదవి వదిలేసుకున్నారా!" వాణి గుండెమీద చెయ్యి వేసుకుంది. "ఎంత మనసండీ మీది! పేరు పెట్టడం ఎవరైనా పెడతారు, వదులుకోవడం ఎవరికి చేతనవుతుందండీ?" అని అతనికి పొట్టిక్కలు, పచ్చడి వేసి ఎదురుగా నిలబడి వడ్డించింది. కిషోర్ దిబ్బరొట్టె చల్లారిపోయిన సంగతి ఎవరికీ పట్టలేదు. లిస్టులో కూడా అప్పటికే హేమంత్ త్యాగం గురించి ఎనభై ఉత్తరాలు వచ్చాయి. గౌరవం పెట్టినవాడికి వచ్చినవి ముప్ఫై రెండు. కిషోర్ లెక్కపెట్టాడు.

సాయంత్రం పదవి ఖరారు చేస్తూ పెద్దాయన ఉత్తరం వచ్చేసరికి, దాన్ని హేమంత్ కంటే గొప్పగా వదులుకోవడం ఎలాగో కిషోర్ చిత్తుప్రతి రాసుకుంటున్నాడు.